అట్టడుగు వరసలో మేనత్త

ఫినావుకి పెళ్ళాం పని చేస్తుంటే చూడడం మహా ఇష్టం. ముప్పై ఏళ్ళు దీవుల మధ్య తిరిగే పడవ మీద తాళ్ళు లాగి, ఇప్పుడు మోకాళ్ళు మొండికేసి ఇంట్లో కూర్చున్నవాడు ఇంకేం చూస్తాడు? సముద్రం చూడొచ్చు కదా అంటారేమో. అది చాలా చూశాడు. హింగానో చేసే పని మాత్రం ఎంత చూసినా తనివి తీరేది కాదు.

హింగానో పంగాయి ఊళ్ళో చర్చి గుమాస్తా. పగలంతా బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ పుస్తకంలో ఎక్కించి, ఇంటికొచ్చి, ఆక్లండ్ నుంచి పినతల్లి కూతురు పంపిన పాత ల్యాప్‌టాప్ తెరిచేది. ఊళ్ళో ఎవరింట్లో ఇరవయ్యొకటో పుట్టినరోజైనా, చావైనా, ఉన్న ఫోటోలన్నీ బిస్కెట్ డబ్బాలో పోసుకుని ఆమె గుమ్మం ఎక్కేవాళ్ళు. ఆమె ఆ ఫోటోల్లోంచి మనుషుల్ని అంచుల వెంబడి కత్తిరించి తీసి, ఒకరి ముందు ఒకరిని నిలబెట్టి, కదిలించి, వీడియో చేసి ఇచ్చేది.

వేటకెళ్ళి తిరిగి రాని ఒక జాలరికి మిగిలింది గుర్తింపు కార్డు మీది ఫోటో ఒక్కటే. గోరంత మొహం. హింగానో దాన్ని కత్తిరించి, ఒక పడవ బొమ్మలో కూర్చోబెట్టి, పడవని సముద్రం మీద ఎడమ నుంచి కుడికి పదకొండు సెకన్ల పాటు నడిపింది. పడవ కాస్త లేచి కాస్త పడేది. అంతే, ఇంకేం లేదు. ఆయన భార్య ఏడుసార్లు వేయించుకుని చూసింది. ఎనిమిదోసారి అడగడానికి మొహమాటపడుతుంటే హింగానో తనంతట తానే మళ్ళీ మొదట్నించి వేసింది. అలాంటి పని చేసే మనిషి మా ఇంట్లో ఉందని ఫినావు రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. వాళ్ళు తప్పించుకుని తిరగడం మొదలుపెట్టారంటే వాళ్ళ తప్పు లేదు.

ఈసారి వీడియో మాత్రం ఊరివాళ్ళది కాదు, సొంతింటిది. హింగానో తండ్రి ఇసిలేలి పోయి ఏడాదైంది. ఏడాది ప్రార్థనకి మేనత్త సులియేతి వస్తానని కబురు పెట్టింది.

సులియేతి ఇసిలేలికి అక్క. తండ్రి తోడబుట్టినది అంటే ఆ ఇంటికి ఫహూ. ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ ఆవిడే పైమాట. పెళ్ళిలో మొదటి చాప ఆవిడది, చావులో శవం తలవైపు కూర్చునే హక్కు ఆవిడది. అలాంటి మనిషిని పన్నెండేళ్ళ కిందట, హింగానో తమ్ముడు కెపుయెలి పెళ్ళిలో, ఇసిలేలి రెండో చాప మీద కూర్చోబెట్టాడు. మొదటి చాప మీద పెళ్ళికూతురి తరఫు పెద్ద అధికారి ఒకాయన్ని కూర్చోబెట్టాడు. ఎందుకలా చేశాడో ఆయనకే తెలియాలి. పెద్దవాడొచ్చాడని కళ్ళు నెత్తికెక్కాయేమో. సులియేతి ఒక్క మాట అనలేదు. భోజనం ముట్టకుండా లేచి, తనుండే వవావు దీవికి పడవెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తమ్ముడు పోయినప్పుడు కూడా రాలేదు. శవం తలవైపు చోటు ఖాళీగా ఉంచి ఇసిలేలిని పూడ్చారు. ఊరంతా ఆ ఖాళీనే చూసింది.

"సమాధి దగ్గరికి అత్త ఒక్కసారి రావాలయ్యా," అంది హింగానో మొగుడితో. "ఆవిడ రానంతకాలం నాన్నకి చావు సగమే జరిగినట్టు."

"వస్తోందిగా."

"పంగాయికి వస్తోంది. సమాధికి వస్తానని అనలేదు. ఏమని కబురు పెట్టిందో విన్నావుగా. సాయంత్రం పడవకే తిరుగు టికెట్ కొన్నదట. మీ మర్యాద చూశాక మిగతాది ఆలోచిస్తానంది."

"అబ్బో."

"అబ్బో ఏంటి, ఆవిడకి ఆ హక్కుంది. ఇంకోసారి ఎక్కడైనా తక్కువ చేశామా, ఇక ఈ జన్మకి ఈ ఒడ్డున కాలు పెట్టదు."

అందుకే హింగానో ఆ వీడియో మీద మూడు వారాలు కూర్చుంది. ఫినావు పక్కన కుర్చీ వేసుకుని, టీ అందిస్తూ, మధ్యమధ్యలో అడ్డంగా మాట్లాడుతూ చూశాడు. సులియేతిది వయసులో ఉన్నప్పటి నిలువెత్తు ఫోటో ఒకటి దొరికింది. చర్చికి ముస్తాబై, అక్కడి మర్యాద ప్రకారం నడుముకి పెద్ద చాప చుట్టుకుని నిలబడిన ఫోటో. గాలికి జుట్టు రేగి ఉంది. ఆ జుట్టుని వెనకనున్న గోడ నుంచి విడదీయడానికే హింగానోకి నాలుగు రోజులు పట్టింది. వెంట్రుక వెంట్రుకా పట్టుకుని తీసింది. మధ్యలో ఫినావు, "ఇక చాలు, గుండు చేయిస్తావా ఏంటి?" అంటే, "నీకు లేదని ఏడుపా?" అని ఆ బట్టతల మొగుడి భుజం మీద ఒకటి వేసి మళ్ళీ పనిలో పడింది.

ఆఖరి ఘట్టం చూస్తూ ఫినావు చేతిలో టీ చల్లారబెట్టుకున్నాడు. వెనక సముద్రం, ఒడ్డు. అటూ ఇటూ ఇల్లు, పిల్లలు, పంది, పూలదండ. ముందు, తెర మధ్యలో, సులియేతి నిలబడి ఉంటుంది. దూరంగా, పైన కుడిమూల, ఒడ్డు మీద వేలెడంత ఇసిలేలి కనిపిస్తాడు. నడిచి వస్తుంటాడు. వస్తున్నకొద్దీ పెద్దవాడవుతాడు. అక్క వెనకనుంచి దాటి, ఎడమవైపు బయటికొచ్చి, ఆమె మోకాలి పక్కన ఆగి, వంగుతాడు. ఫోటోకి నడుం వంగదు కదా, హింగానో బొమ్మ మొత్తాన్నీ తలవైపు నుంచి కొద్దిగా ముందుకి ఒరిగించింది. ఎంత ఒరిగిస్తే పడిపోతున్నట్టు కాకుండా దండం పెడుతున్నట్టు ఉంటుందో తేల్చడానికి ఒక సాయంత్రం పట్టింది.

"ఏమే, ఇదెక్కడ నేర్చుకున్నావే?" అన్నాడు ఫినావు.

"నాన్న దగ్గర," అంది హింగానో. "అత్తకి క్షమాపణ చెప్పుకోవాలని రెండుసార్లు పడవ టికెట్ కొన్నాడు. రెండుసార్లూ రేవు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. నువ్వే కదా పడవ మీదున్నది, చూడలేదూ?"

చూశాడు. రెండుసార్లూ నిచ్చెన తీసేసింది తనే. ఫినావు టీ కప్పులో మొహం దాచుకున్నాడు.

ప్రార్థన రోజు పొద్దున్నే హింగానో చర్చి హాలు కిటికీలకి చాపలు కట్టించడానికి వెళ్ళింది. పట్టపగలు తెర మీద బొమ్మ కనబడాలంటే హాలు చీకటి కావాలి. వెళ్తూ, ల్యాప్‌టాప్ జాగ్రత్తగా పట్టుకురమ్మని మొగుడికి చెప్పింది. వీడియోని విడిగా ఫైలు చేస్తే ఆ ముసలి ల్యాప్‌టాప్‌కి ఆరు గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఆమె ఎప్పుడూ తయారుచేసిన చోటినుంచే, వీడియో కూర్చే ప్రోగ్రాం కిటికీలోంచే తెర మీదికి వేసేది.

తలుపు మూసేలోపు ఇంకొక్కసారి చూద్దామని ఫినావు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అక్కడే వచ్చింది అసలు గొడవ. తెర కింది సగంలో, తనెప్పుడూ పట్టించుకోని చోట, వరసలు ఉన్నాయి. ఒక్కో వరసలో ఒక్కో బొమ్మ. అన్నిటికన్నా పైన సముద్రం. దాని కింద ఇల్లు. దాని కింద ఇసిలేలి. ఆ కింద పిల్లలు, కెపుయెలి పెంచిన పంది, పూలదండ. అందరికీ అట్టడుగున, పందికి కూడా కింద, సులియేతి.

ఫినావు మళ్ళీ పైనుంచి లెక్కపెట్టాడు. మూడు వారాలు నిద్ర చాలక కళ్ళు మూతలు పడి హింగానో పొరపాటు చేసిందనుకున్నాడు. ఫహూని పంది కింద పెట్టడమా? ఈ వరసలు ఎవరికీ కనబడవనుకో, దేవుడికి కనబడవా? పెళ్ళాంతో చెబితే సిగ్గుతో చచ్చిపోతుంది, పైగా ఇవాళ ఆమెకి లక్ష పనులు. ఆరేళ్ళుగా చూస్తున్నాడు కదా, పట్టుకుని లాగడం తెలుసు. సులియేతిని పట్టుకుని, పందినీ పిల్లల్నీ ఇసిలేలినీ ఇంటినీ దాటించి, సముద్రం కింద పెట్టాడు. సముద్రానికి పైన పెట్టలేదు. సముద్రం దేవుడిది, దాని కింద ఉండడం ఎవరికీ చిన్నతనం కాదు. మిగతావాళ్ళని తలా ఒక మెట్టు దించాడు. ఆ వరసని ఒకసారి తృప్తిగా చూసుకుని, మూత మూసి, ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా చంకనెత్తుకుని బయల్దేరాడు.

హాలు వెనక కెపుయెలి మట్టిపొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్నాడు. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు ఒక తెర ముందు కూర్చోవడం అక్కడి ఆచారం కాదు కాబట్టి, హింగానో లోపల ఉన్నంతసేపూ అతనికి పొయ్యే గతి.

"ఏం బావా, పెళ్ళాం సంచి మోస్తున్నావా?" అన్నాడు.

"మోస్తా. నీ పంది కూడా ఇందులోనే ఉంది. బతికినప్పటికన్నా అందంగా ఉంది."

"అత్త వచ్చింది. నన్ను చూసి తలకాయ ఊపింది అంతే. సంచి కింద పెట్టలేదు."

నిజమే. సులియేతి హాల్లో అన్నిటికన్నా ముందు, నాలుగు చాపలు ఒకదానిమీదొకటి పరిచిన చోట కూర్చుని ఉంది. ఎనభై దగ్గర పడిన మనిషి, నిటారుగా ఉంది. సంచి ఒళ్ళోనే. హింగానో వెళ్ళి మోకాళ్ళ మీద నిలబడి ముద్దుపెట్టుకుంటే చెంప ఇచ్చింది గానీ మాట ఇవ్వలేదు.

వీడియో మొదలైంది. ఇసిలేలి చిన్నప్పటి బడి, పడవ, పెళ్ళి. హింగానో ఒక ఫోటోలోంచి ఇంకో ఫోటోలోకి మనుషుల్ని ఎలా దాటించిందో, పాత ఇంటి మీదికి కొత్త ఇంటిని మెల్లగా ఎలా తెచ్చిందో చూసి ముసలాళ్ళు కూడా ముందుకి జరిగారు. ఫినావు తెర చూడడం మానేసి జనం మొహాలే చూశాడు. గర్వంతో ఛాతీ చొక్కాలో పట్టలేదు.

ఆఖరి ఘట్టం వచ్చింది. సముద్రం, ఒడ్డు, మధ్యలో సులియేతి. పైన కుడిమూల ఇసిలేలి. నడుస్తున్నాడు. పెద్దవాడవుతున్నాడు. అక్క వెనకనుంచి కాదు, ముందునుంచి వస్తున్నాడు. బూట్లతో ఆమె జుట్టు మీద కాలు పెట్టాడు. నుదుటి మీద కాలు పెట్టాడు. హింగానో వీడియో ఆపేలోపు మొహం మీంచి నడిచాడు.

మనిషి తలని చేత్తో ముట్టుకోవడానికే ఆలోచించే ఊరు అది. ఇక్కడ ఫహూ తల మీద, చచ్చిపోయిన తమ్ముడు, బూటు కాళ్ళతో. వెనకెవరో పిల్ల నవ్వబోతే తల్లి నోరు మూసింది. సులియేతి తెరవైపు చూస్తూనే, ఒళ్ళో సంచి జిప్పు పట్టుకుని చివరిదాకా లాగి మూసింది.

హింగానో ల్యాప్‌టాప్ వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. ఒక్క చూపులో అంతా అర్థమైంది. అయినా మొగుణ్ణి నలుగురిలో పట్టించే మనిషి కాదు. నింద తన మీదే వేసుకోబోతోందని ఫినావుకి తెలిసిపోయింది. మోకాళ్ళు సహకరించకపోయినా లేచాడు.

"నేను చేశానండీ, అత్తగారూ. హింగానో చేసింది వేరు. మిమ్మల్ని అందరికన్నా కింద పెట్టి ఉంటే చూడలేకపోయాను. పైకి జరిపాను. మర్యాదనుకుని జరిపాను."

సులియేతి తల తిప్పలేదు. "కింద పెట్టిందా?" అంది హింగానోతో. "నన్నా?"

ఇది అంతకన్నా ఘోరంగా ఉందని ఫినావుకి అప్పుడు తట్టింది. నోరు మూసుకుని కూర్చుని ఉంటే బాగుండేదని కూడా తట్టింది.

"పెట్టాను, అత్తా," అంది హింగానో. వీడియో కిటికీని పక్కకి తప్పించి, వరసలన్నీ అందరికీ కనిపించేలా తెర మీద పరిచింది. "చూడండి. ఇక్కడ పైన ఉన్నది వెనక్కి పోతుంది. కింద ఉన్నది ముందుకి వస్తుంది. అన్నిటికన్నా కింద ఉన్నదాని ముందుకి ఇంకెవరూ రాలేరు. అందుకని మిమ్మల్ని అక్కడ పెట్టాను. నాన్న మీ ముందునుంచి నడవకూడదని."

అంటూనే సులియేతి బొమ్మని పట్టుకుంది. ఇల్లు, ఇసిలేలి, పిల్లలు, పంది, పూలదండ, ఒక్కొక్కటీ దాటించి దించింది. దించినకొద్దీ తెర మీద సులియేతి ఒక్కొక్కరి వెనకనుంచి ముందుకి వచ్చింది. ఇంటి ముందుకి. తమ్ముడి ముందుకి. మనవల ముందుకి. చివరికి పూలు కూడా ఆమె వెనక్కి వెళ్ళాయి. మూడు వారాల పనిని ముప్పైమంది ముందు విప్పి చూపించడానికి ఎంత ధైర్యం కావాలి. పక్కనే ఉన్న ఫినావు భయం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటిదాని పనిలో వేలు పెట్టానే అని తన వేళ్ళని తనే తిట్టుకున్నాడు.

మళ్ళీ వేసింది. ఇసిలేలి దూరాన్నుంచి నడిచి, అక్క వెనక మాయమై, ఇవతల తేలి, మోకాలి పక్కన ఆగి వంగాడు.

సులియేతి వంగిన బొమ్మ వైపు వేలు చూపించింది. తర్వాత అడిగింది. "ఆ వంగడం వాడు వంగిందా, నువ్వు వంచిందా?"

అబద్ధం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. హింగానో చెప్పలేదు. "నేను వంచిందే, అత్తా. నాన్న మీ దగ్గరికి రావాలని రెండుసార్లు రేవు దాకా వెళ్ళాడు. రెండుసార్లూ సిగ్గుపడి తిరిగొచ్చాడు. మిగతా దూరం నేను నడిపించాను."

ముసలావిడ లేచింది. హాల్లో ఉన్నవాళ్ళంతా నడుం వంచి దారిచ్చారు. తలుపువైపే వెళ్తోందనుకున్నారు. హింగానో కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి అత్త ల్యాప్‌టాప్ పక్కన నిలబడి ఉంది.

"వాడు నా వెనకనుంచి పోతుంటే మొహం కనబడలేదు," అంది. "సరిగ్గా దగ్గరికొచ్చేసరికి దాక్కుపోయాడు. వాణ్ణి ముందుకి తే."

"మీ తల మీదినుంచి నడుస్తాడత్తా."

"నా తల నాది. దాని మీద ఎవరు నడవాలో నేను చెబుతా. ఇలా ఇవ్వు అది."

మౌస్ అందుకుంది. పడవ తాడు పట్టుకున్నట్టు గుప్పెటంతా బిగించి పట్టుకుంది. ఇసిలేలి రెండుసార్లు జారిపోయాడు, ఒకసారి పంది వరసలో పడ్డాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ సాయానికి పోలేదు. మూడోసారి వాణ్ణి తన బొమ్మకి కింద, అందరికీ కింద, అట్టడుగున పెట్టింది. హింగానో వేసింది. ఇసిలేలి అక్క జుట్టు మీంచి, నుదుటి మీంచి దిగి వచ్చాడు. వాడి మొహం ఆమె మొహం ఉన్నచోటికి రాగానే ఆవిడ చెయ్యెత్తింది.

"ఇక్కడ ఆపు. పెద్దది చెయ్యి."

హింగానో బొమ్మ మూల పట్టుకుని లాగింది. వయసులో ఉన్న సులియేతి చెంపలు, కళ్ళు, నాలుగు రోజులు విడదీసిన జుట్టు, అన్నీ ఇసిలేలి వెనక్కి వెళ్ళిపోయాయి. తెర నిండా వాడి మొహమే మిగిలింది. చిన్న మచ్చలు, కోపం వచ్చినట్టుండే కనుబొమలు, రెండు పళ్ళ మధ్య సందు.

"ముసలాడివైపోయావేంట్రా," అంది సులియేతి తెరతో. మామూలు గొంతే, వంటింట్లో మాట్లాడినట్టు. "నాకెవరూ చెప్పలేదు."

మళ్ళీ అంది. "నువ్వు రేవు దాకా వచ్చావు. నేను అది కూడా రాలేదు."

హింగానో అప్పుడు ఏడ్చింది. మూడు వారాలదీ, పన్నెండేళ్ళదీ కలిపి ఏడ్చింది. ముసలావిడ ఓదార్చలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, బరువంతా దాని మీదే ఆనించి తలుపు దాకా నడిచింది. బయట ఎండ కొట్టేసరికి ఆగి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. పొయ్యి దగ్గర్నుంచి కెపుయెలి లేచి నిలబడ్డాడు. సులియేతి ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చూసింది.

"ఎక్కడ పెట్టారు వాణ్ణి?" అంది. "ఎటువైపు?"